మోరి పలికితేనే... థింసా!

అరకు వెళ్లొచ్చినవాళ్లను ‘ఏం చూశారూ?’ అని అడగండి. బొర్రా గుహలు, కాఫీ తోటలు, సొరంగాల్లో దూరి వెళ్లే రైలు, పసుపు ఆరబోసినట్టుండే వలిసె చేలు, రాత్రి చలిమంట దగ్గర థింసా... గుక్కతిప్పుకోకుండా చెబుతారు. థింసా ఆడే మహిళల చీరకట్టు, కాళ్ల కడియాలు, ఒక్కటిగా పడే అడుగులు కళ్లకు కట్టినట్టు వర్ణిస్తారు. ‘మరి వాళ్లను ఆడించిందెవరు?’ అంటే మాత్రం తడుముకుంటారు. ఆ వరసకు ఓ పక్కగా బుగ్గలు పూరించి, చెక్క గొట్టమొకటి ఊదుతూ నిలబడిన మనిషి చాలామంది ఫొటోల్లో అసలు పడనే పడడు. ఆ గొట్టం పేరు మోరి. అది పలికితే అడుగు కదులుతుంది. అది ఆగితే అడుగూ ఆగుతుంది.

ఆ మనిషికి నెల జీతం లేదు. ఎవరు పిలిస్తే వాళ్ల ఊరు వెళ్లాలి, తెల్లవార్లూ ఊదాలి, వచ్చింది జట్టంతా పంచుకోవాలి. పిలుపు లేని రోజుల్లో పొలం పని చూసుకోవాలి. వెంట తిరిగే కుర్రాళ్లకు విద్య నేర్పాలి. ఎక్కడో అమెరికా నగరాల్లో క్లబ్బు నుంచి క్లబ్బుకు తిరుగుతూ, మధ్యలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ కాలం గడిపే జాజ్ శాక్సోఫోన్ కళాకారుడి జీవితం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఇద్దరి చేతుల్లో ఉన్న వాద్యాలకూ చుట్టరికం ఉంది. ఇద్దరి కష్టసుఖాలకూ ఉంది.

కొండ మీద లోకం

విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు కొత్తవలస దాటాక కొండల్లోకి మలుపు తిరుగుతుంది. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు దించడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేసిన దారి ఇది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలు. శిమిలిగూడ చేరేసరికి రైలు సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 2017లో అద్దాల బోగీ కూడా తగిలించడంతో ఈ ప్రయాణమే ఓ విహారమైపోయింది.

అరకు లోయ 2022 ఏప్రిల్ 4 నుంచి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. కొండదొరలు, బగతలు, వాల్మీకులు, కోటియాలు, పొరజలు, గదబలు, ఖోందులు... ఎన్నో తెగలు ఈ కొండల్లో పక్కపక్కనే బతుకుతున్నాయి. ఇళ్లల్లో ఎవరి మాట వాళ్లది. సంతలో మాత్రం ఆదివాసీ ఒడియాలో అందరూ మాట్లాడుకుంటారు. పటంలో గీసిన రాష్ట్ర సరిహద్దు పాటకు అడ్డురాదు. అవతల కొరాపుట్ కొండల్లో దాన్ని ‘ధెంసా’ అంటారు, ఇవతల ‘థింసా’ అంటాం. అక్కడి ‘మహురి’ ఇక్కడ ‘మోరి’ అయింది.

మోరి ఒక్కటే కాదు... కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు కలిస్తేనే థింసా మేళం. అయితే డప్పు, తుడుము, కిరిడి దరువు వేస్తాయి. రాగం తీసే పని మోరిది. ఆడేవాళ్లు పదిహేను ఇరవై మంది ఒకరి నడుము వెనక నుంచి మరొకరు చేతులు పెనవేసి, గొలుసులా నిలబడతారు. ఆ గొలుసుకు దారి చూపేది మోరి పాటే.

ఒకే ఇంటి పిల్లలు

మోరి చూడ్డానికి చిన్న సన్నాయిలా ఉంటుంది. నోటి దగ్గర సన్నగా మొదలై కిందికి పోనుపోనూ వెడల్పయ్యే చెక్క గొట్టం. చివర గంటలా విచ్చుకున్న ఇత్తడి మూతి. నోట్లో పెట్టుకునేది ఆకుతో చేసిన పీక. ఊదితే ఆ పీక రెక్కలు వణుకుతాయి. ఆ వణుకే పాటవుతుంది.

శాక్సోఫోన్‌ ఇత్తడితో తళతళలాడుతుంది కాబట్టి బాకాకు చుట్టమనుకుంటాం. లోపలి లెక్క వేరు. అందులోనూ పలికేది పీకే... రెల్లుతో చేసిన ఒకే రెక్క. దాని గొట్టం కూడా మోరిలాగే పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. ఇలాంటి గొట్టంలో గట్టిగా ఊదితే స్వరం సరిగ్గా పై స్థాయికి ఎక్కుతుంది. అందుకే కింది స్థాయిలో నేర్చిన వేళ్ల పట్టు పై స్థాయిలోనూ దాదాపు అలాగే పనికొస్తుంది. మొదలూ చివరా ఒకే లావుండే క్లారినెట్‌లో ఈ సౌకర్యం లేదు. అలా చూస్తే పెళ్లి బ్యాండులో పక్కపక్కన నడిచే క్లారినెట్ కంటే, అరకు కొండల్లోని మోరే శాక్సోఫోన్‌కు దగ్గరి చుట్టం!

శాక్సోఫోన్‌ను తయారుచేసినవాడు బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ శాక్స్. 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆరుబయట సైనిక బ్యాండులో కూడా గట్టిగా వినపడాలన్నది ఆయన ఆలోచన. మోరి కూడా ఆరుబయటి వాద్యమే. నాలుగు గోడల మధ్య ఊదితే చెవులు దిమ్మెక్కుతాయి. సోనీ రోలిన్స్ అనే పేరుమోసిన జాజ్ కళాకారుడికి న్యూయార్క్‌లో ఇదే ఇబ్బంది వచ్చింది. ఇంట్లో సాధన చేస్తే ఇరుగుపొరుగు నిద్రపోలేరని, 1959 నుంచి 1961 దాకా విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కి గంటల తరబడి శాక్సోఫోన్ ఊదుకున్నాడు. కొండ ఊళ్లవాళ్లకు ఆ వెతుకులాట లేదు. ఊరు దాటితే చాలు, ఎంత గట్టిగా ఊదినా కాదనేవాళ్లు లేరు.

ఊపిరి సంగతి కూడా చెప్పుకోవాలి. సన్నాయి కుటుంబపు జానపద వాద్యాలు ఊదేవాళ్లలో చాలామంది పాట తెగకుండా ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటారు. బుగ్గల్లో నిలవ ఉంచిన గాలిని పీకలోకి వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకుంటారు. కెన్నీ జి అనే అమెరికన్ శాక్సోఫోన్ కళాకారుడు 1997లో ఇదే కిటుకుతో ఒకే స్వరాన్ని 45 నిమిషాల 47 సెకన్లు పట్టి గిన్నిస్ రికార్డుకెక్కాడు. పండుగ రాత్రి ఊళ్లో ఊదేవాడి పక్కన గడియారం పట్టుకుని నిలబడేవాళ్లుండరు.

అడుగును బట్టి పాట

థింసాను ఒకే ఆట అనుకుంటే పొరపాటు. ఎనిమిది రకాలున్నాయని చెబుతారు. బోడ థింసా గ్రామదేవత కోసం ఆడేది. పోతర్ తోలలో అడవిలో ఆకులు ఏరుతున్నట్టు వంగి లేస్తారు. భాగ్ థింసాలో పులి బారి నుంచి తప్పించుకునే విధం చూపిస్తారు. గొడ్డి బేటలో తల వంచుకుని ముందుకు నడిచి, మళ్లీ వెనక్కి వస్తారు. కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటూ ఊగుతారు. గణాచారికి పూనకం వచ్చినప్పటి ఆట బాయ థింసా. నాటికారి ఒక్కరే ఆడేది. గుండేరిలో మగవాడు పాడుతూ ఆడవాళ్లను ఆటకు పిలుస్తాడు.

ఇవన్నీ ఊదేవాడికి కొట్టిన పిండి కావాలి. ఎదురుగా కాగితం ఉండదు, స్వరాలు రాసుకున్న పుస్తకం ఉండదు. ఆటలో ఎవరో అలసిపోయారు, అడుగు బరువెక్కింది... కాస్త నెమ్మదించాలి. కుర్రపిల్లలు నలుగురొచ్చి వరసలో చేరారు... జోరు పెంచాలి. అమ్మవారి ముందు ఆడుతున్నప్పుడు ఒకలా, పెళ్లివారింటి ముందు మరొకలా ఊదాలి. కళ్లు ఆడేవాళ్ల పాదాల మీద, చెవి తుడుము మీద, వేళ్లు మోరి మీద. పాట అక్కడికక్కడే పుడుతుంది.

కర్ణాటక సంగీతంలో దీన్ని మనోధర్మం అంటారు. జాజ్‌కు ప్రాణం కూడా ఇదే. తెలిసిన వరస ఒకటి అందుకుని, ఆ క్షణాన తోచిన దారిలో దాన్ని నడిపించి, మళ్లీ ఇంటికి తీసుకురావడం. రాసిపెట్టినదాన్ని ఒప్పజెప్పడం ఇక్కడ చాలదు. ఎదుటి మనిషిని చూసి పలకాలి. డీజే పెట్టెలోంచి వచ్చే పాటకు తన ముందు ఎవరు ఆడుతున్నదీ, ఎవరి కాలు నొప్పెడుతున్నదీ తెలియదు. ఊదేవాడికి తెలుసు.

పందిట్లో ముందు... పంక్తిలో వెనక

సన్నాయి లేకుండా పల్లంలో పెళ్లి లేదు. తాళి కట్టే వేళ గట్టిమేళం మోగాల్సిందే. కానీ ఆ మేళగాళ్లకు భోజనం ఎప్పుడు పెట్టేవారో, ఎక్కడ పెట్టేవారో పాతకాలపు పెళ్లిళ్లు చూసినవాళ్లకు తెలుసు. కొండల్లోనూ ఆ గీత ఉంది. కొరాపుట్ వైపు గదబల వంటి తెగల పండుగలకు ఊదడం, వాయించడం తరతరాలుగా డొంబుల పని. వాళ్లు రానిదే ఆట మొదలవదు. అయినా సాటివారిగా పక్కన కూర్చోబెట్టుకునే ఆచారం లేదు.

మోరి కథకూ జాజ్ కథకూ మరీ దగ్గరి పోలిక ఇక్కడే ఉంది. జాజ్‌ను పుట్టించినవాళ్లు అమెరికా నల్లజాతివారు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ‘కాటన్ క్లబ్’ అని ఒకటుండేది. 1927 నుంచి 1931 దాకా డ్యూక్ ఎలింగ్టన్ బృందం అక్కడ వాయించి దేశమంతా పేరు తెచ్చుకుంది. వేదిక మీద వాళ్లంతా నల్లవాళ్లే. కింద బల్లల దగ్గర కూర్చునేందుకు మాత్రం తెల్లవాళ్లకే ప్రవేశం! పాట కావాలి, పాడేవాడు పక్కన కూర్చోకూడదు. సముద్రాలు దాటినా ఈ నీతి మారలేదు.

అందుకే ఊదేవాడి ఇంట్లో పిల్లలు ‘ఈ పని నాకొద్దు’ అంటే తప్పుపట్టడం కష్టం. చదువుకుని ఉద్యోగానికి వెళ్లిన కొడుక్కి నెల తిరిగేసరికి జీతం వస్తుంది, నలుగురిలో గౌరవం వస్తుంది. తండ్రి మోరికి ఆ రెంటిలో ఒక్కటీ పూచీ లేదు.

బడి లేని చదువు

కొండ దిగితే విజయనగరం. అక్కడ 1919లోనే సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ గురువు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నవాళ్లే. తరగతి గది, పాఠాల వరస, పరీక్ష, పట్టా... పల్లపు సంగీతానికి ఇవన్నీ సమకూరి వందేళ్లు దాటింది.

మోరి విద్యకు పెళ్లి పందిరే బడి. మేళంలో పెద్దవాళ్ల వెనక తిరిగే కుర్రాడు ముందు బరువులు మోస్తాడు. తర్వాత తాళం పట్టుకుంటాడు. ఏ దరువుకు ఏ అడుగో కాళ్లకు ఎక్కాక పీక నోట్లో పెట్టుకుంటాడు. చెవితో వినడం, వేళ్లతో వెతకడం, తప్పు ఊదితే అక్కడే నవ్వులపాలై దిద్దుకోవడం... ఇంతే పాఠం. గురువు ఫీజు అడగడు, శిష్యుడు పట్టా అడగడు. ఇద్దరికీ కావలసింది తర్వాతి పిలుపు.

బడి ఉంటే చాలు, వాద్యం బతుకుతుందనుకుంటాం. శాక్సోఫోన్ కథ మరోలా చెబుతుంది. అడాల్ఫ్ శాక్స్ 1857 నుంచి పారిస్ సంగీత విద్యాలయంలో తన వాద్యాన్ని స్వయంగా నేర్పాడు. 1870లో ఆ తరగతి మూతపడింది. మళ్లీ తెరిచింది 1942లో! ఆయన అప్పులపాలై, దివాలా తీసి, 1894లో పేదరికంలోనే పోయాడు. అయినా ఆ డెబ్బై రెండేళ్లలో వాద్యం చావలేదు సరికదా ప్రపంచమంతా పాకింది. ఎందుకంటే ఊరేగింపులకు, నృత్యశాలలకు, సైనిక బ్యాండులకు అది కావాలి. ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. పిలిచారు కాబట్టి నేర్చుకున్నారు. విద్యాలయం ఆ తర్వాత వెనకే వచ్చింది.

అలా పాకుతూ వచ్చి మైసూరు ప్యాలెస్ బ్యాండులో చేరిన శాక్సోఫోన్‌ను ఓ నాదస్వర విద్వాంసుడి కొడుకు చిన్నప్పుడు విన్నాడు. ఆయనే కద్రి గోపాల్‌నాథ్. గమకాలు పలకని వాద్యమన్నారు. దాదాపు ఇరవై ఏళ్లు కష్టపడి పలికించారు. 1994లో లండన్‌ రాయల్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీ ప్రామ్స్ కచేరీ చేశారు. 2004లో పద్మశ్రీ అందుకున్నారు. భారతీయ మూలాలున్న అమెరికన్ జాజ్ కళాకారుడు రుద్రేశ్ మహంతప్ప ఆయనతో కలిసి 2008లో ‘కిన్స్‌మెన్’ ఆల్బమ్ చేశాడు. పేరుకు అర్థం చుట్టాలు అని! రుద్రేశ్ తర్వాత ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జాజ్ విభాగానికి పెద్ద అయ్యాడు. గోపాల్‌నాథ్ 2019లో కన్నుమూశారు. ఊదే మనిషికి వేదికా, బడీ రెండూ దొరికితే ఎంత దూరం వెళ్లగలడో చెప్పడానికి ఈ రెండు జీవితాలు చాలు. మోరికి ఆ రెండూ ఇంకా కొండంత దూరంలోనే ఉన్నాయి.

పిలుపులు మారాయి

ఒకప్పుడు పిలుపులన్నీ ఊళ్ల నుంచే వచ్చేవి. చైత్రంలో ఇటుకల పండుగ. మగవాళ్లు వేటకు వెళితే ఊళ్లో ఆడవాళ్లు ఆడిపాడేవారు. కొత్త పంట నోట్లో పెట్టుకునే ముందు కొత్త పండుగలు... మామిడి కొత్త, కొర్ర కొత్త. కోతలయ్యాక పెళ్లిళ్లు. ఏడాది పొడవునా ఏదో ఒక ఊళ్లో మోరి మోగాల్సిందే.

ఇప్పుడు పెళ్లి పందిట్లోకి డీజే పెట్టెలొచ్చాయి. బడి పిల్లలు జెండా పండుగకు థింసా ఆడితే, రికార్డు పాట పెట్టేస్తే సరిపోతోంది. అడుగులు నేర్చుకునే పిల్లలున్నారు. ఊదడం నేర్చుకునేవాళ్లే తగ్గుతున్నారు. పల్లం నుంచి కొత్త పిలుపొకటి వచ్చింది... పర్యటకులది. చలికాలంలో వలిసెలు పూసే రోజుల్లో అరకు బసలన్నీ నిండిపోతాయి. రాత్రి చలిమంట వేసి థింసా బృందాన్ని పిలిపిస్తారు. తెల్లవార్లూ సాగే ఆట అక్కడ అరగంటకు కుదించుకుపోతుంది. ఎనిమిది రకాల్లో ఒకటో రెండో కనిపిస్తాయి. అయినా ఆ అరగంట కూలిని తక్కువ చేసి చూడటానికి లేదు. మిరియాల ధర పడిపోయిన ఏడు, కాఫీ కాపు సరిగా లేని ఏడు ఇంట్లో ఆ డబ్బే అక్కరకొస్తుంది. న్యూయార్క్ జాజ్ కళాకారుడు కూడా తనకిష్టమైన పాట వాయించే రాత్రి కోసం, ఇష్టంలేని విందుల్లో ఎన్నో రాత్రులు వాయిస్తాడు.

వాద్యాన్ని అద్దాల పెట్టెలో భద్రపరచవచ్చు. 1996లో వెలిసిన అరకు గిరిజన మ్యూజియం ఇక్కడి జీవితాన్ని బొమ్మల్లో చక్కగా చూపిస్తోంది కూడా. కానీ మోరికి కావలసింది గాలి. ఆ గాలి పిలుపుతోనే వస్తుంది.

వెళ్లేవాళ్లు ఆ పిలుపును కాస్త పెంచగలరు. బసలో థింసా ఏర్పాటు చేస్తామంటే ‘మేళంతోనా, రికార్డుతోనా?’ అని ముందే అడగొచ్చు. మేళమే కావాలని చెప్పొచ్చు. ఆట అయ్యాక ఆడినవాళ్లతో పాటు ఊదినవాళ్ల పేర్లూ అడిగి తెలుసుకోవచ్చు. సొమ్ము ఇచ్చేటప్పుడు జట్టులో వాళ్లకూ చేరేలా చూడొచ్చు. పిల్లలుంటే మోరి దగ్గరికి తీసుకెళ్లి, ఆ పీక ఎలా పలుకుతుందో చూపించమని ఊదే పెద్దాయననే అడగండి. పండుగ రోజుల్లో ఊళ్లకు వెళితే మాత్రం అది వాళ్ల పూజ అని గుర్తుంచుకోవాలి. అనుమతి అడిగాకే కెమెరా తీయాలి.

ఇలా వెళ్లాలి: విశాఖపట్నం నుంచి అరకు రోడ్డు మార్గంలో సుమారు 115 కిలోమీటర్లు, దారి అనంతగిరి ఘాట్ మీదుగా. పొద్దుటి కిరండూల్ రైలులో వెళితే సొరంగాలూ లోయలూ చూడొచ్చు. అద్దాల బోగీకి ముందుగా రిజర్వేషన్ చేయించుకోవాలి. వలిసె పూల కోసం నవంబరు, డిసెంబరు నెలలు బాగుంటాయి. మోరిని దాని సొంత ఊళ్లో వినాలంటే చైత్రంలో వెళ్లాలి.